సంఘమున నాయకుల విధులు, సభ్యుల విధులు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పద్మశాలి కులబాంధవుల వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



మార్కండేయ మహర్షికిని, తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనని మన పెద్దలు చెప్పుకొను భావనా ఋషికిని నమస్కరించి, మమ్ము ఈ వేదికపై నిలిపిన మీ యందఱికిని కృతజ్ఞతాపూర్వకములగు వందనములు సమర్పించుచున్నాము. ఇట్టి సభలయందు వక్త మొదట కులప్రశస్తిని గానము చేయుటయు, పిమ్మట యువకులను మేల్కొల్పుటయు, కడపట ఐకమత్యము వర్ధిల్లుగాక యని దీవించి కూర్చుండుటయు ఆచారమై యున్నది. ఆ మూడింటిని మీరు ఏటేట వినుచునే యున్నారు. ఐకమత్యము మాత్రము సభ ముగిసిన మఱునాడే కానరాకున్నది. కావున మేము ఐకమత్యమును పొగడుట మాని, అది యేల నిలువకున్నదో, నిలువవలెనన్నచో ఎవరెవరు ఏమేమి చేయవలెనో విచారింపనెంచితిమి.

ఆహ్వానసంఘమువారు మాకు నిర్ణయించిన విషయము సంఘమునందలి నాయకుల విధులు, సభ్యుల విధులు అనునది. నాయకునకు ధైర్యము, త్యాగము, వాక్చాతుర్యము ఉండవలెననియు, సభ్యునకు విధేయత ఉండవలెననియు సాధారణముగ చెప్పుదురు. అది తప్పని మేమనము. కాని ధైర్యముగల నాయకులును, విధేయులగు సభ్యులును ఉండియు చెడిపోయిన సంఘములను మేము ఎఱుగుదుము. అవి యేల చెడినవి? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథములకంటె మన యిండ్లలోని గుంటమగ్గమే బాగుగ చెప్పగలదు.

మగ్గము చెప్పు పాఠము

గద్వాల చీరను గుర్తింపనివారు అరుదు. నడుమ నూలు, అంచులును కొంగును పట్టు, వానిపై జరీ. రెండు జాతుల దారములు కలిసి ఒక్క వస్త్రమగుట దాని విశేషము. గద్వాల సంస్థానాధీశుల ఆదరమున ఈ నేత వృద్ధిపొందెనని పెద్దలు చెప్పుదురు. ఆ సంస్థానపు కడపటి పాలకురాలగు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారి పేరును నేతవారు నేటికిని గౌరవముతో తలచుకొందురు. ఈ కాలమున ఆ చీరకు భౌగోళిక సూచిక యను గుర్తింపు సైతము లభించినది.

ఐనను చీర గొప్పతనము జరీలో లేదు. జరీని సొమ్ముగలవాడెవడైనను కొనవచ్చును. గొప్పతనమంతయు అంచును నడుమును కలియుచోట నున్నది. దానినే మనము కుట్టు అందుము. పేరు కుట్టే గాని అందు సూదిపని లేదు. ఎడమ అంచున కొకటి, నడుమ కొకటి, కుడి అంచున కొకటి, ఇట్లు మూడు నాడెలతో నేత సాగును. నడుమ నడచు నూలు పేక అంచు దాపునకు వచ్చి, అంచులోని పట్టు పేకతో మెలికపడి మరలిపోవును. ప్రతి పేకకును ఇట్లే జరుగవలెను. అందుచేతనే సంప్రదాయముగ ఈ నేతకు మగ్గముపై ఇద్దఱు కూర్చుండవలసి వచ్చెను. ప్రధానముగ నేయువాడు కాలితో త్రొక్కి పడుగును విచ్చదీయును; ప్రక్కవాడు తన వైపు అంచు నాడెను నడుపును.

ప్రధానముగ నేయువాడు త్వరపడి, ప్రక్కవాని నాడె రాకమునుపే అచ్చును కొట్టినచో అంచు విడిపోవును. ప్రక్కవాడు దారమును మితిమీఱి బిగించినచో అంచు ముడుతలు పడును. వదలినచో సందులు కానవచ్చును. వీనికంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. నేతలో పోగు తెగుచుండును. ఎంతటి నేర్పరి మగ్గముమీదనైనను తెగుచుండును. ప్రక్కవాని వైపున తెగిన పోగు మొదట ప్రక్కవానికే కనబడును. అతడు వెంటనే చెప్పి, నేయువాడు వెంటనే ఆపి అతికినచో క్షణములో పని తీరును. భయముచేతనో, బద్ధకముచేతనో, నాకేల యనియో అతడు ఊరకున్నను, అతడు చెప్పినప్పుడు నేయువాడు "చిన్నవాడవు, నీకేమి తెలియును, నేయుము" అని గదిమినను, జానెడో మూరెడో నేత సాగిన పిమ్మట లోపము బయటపడును. అప్పుడు నేసినదానిని విప్పవలెను. లేదా లోపముగల చీరను తక్కువ వెలకు ఇచ్చి ఇద్దఱును నష్టపోవలెను. నష్టము వచ్చినప్పుడు తప్పు ఎవరిదను వాదము మాత్రము సంవత్సరములతరబడి సాగును.

మేము ఈనాడు చెప్పదలచినది ఇంతే. తెగిన పోగును తెగిన వెంటనే చెప్పుట సభ్యుని విధి. చెప్పిన వెంటనే మగ్గము నాపి చూచుట నాయకుని విధి. మిగిలిన విధులన్నియు వీనినుండి పుట్టినవే.

మా తప్పు

పరుల తప్పుల నెన్నుట సులభము. కావున మా తప్పునే ముందు చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట మేము నేతవారి సంఘ మొకదానియందు పాలకవర్గమున ఉంటిమి. ఆ సంఘము పేరు ఈ సభకు అక్కఱలేదు. మా తప్పునకు మేమే చాలుదుము. సర్వసభ్య సమావేశమున జమాఖర్చులు చదువుటకు బదులు, లెక్కలు కార్యాలయమున నున్నవనియు, కావలసినవారు వచ్చి చూచుకొనవచ్చుననియు ప్రకటించి, సన్మానములకును భోజనములకును సాగిపోవుచుంటిమి. ఒక సమావేశమున వెనుక వరుసనుండి నేతగాడొకడు లేచి, "పుస్తకమున వ్రాసినంత నూలు మా చేతికి వచ్చుటలేదు, ప్రతి పర్యాయము కొంత కొఱత పడుచున్నది" అనెను. కోపముతో అనలేదు, చేతులు కట్టుకొని నిలిచి అనెను. కొందఱు నవ్విరి. ఒకరు, "పెద్దలను లెక్క అడుగువాడ వైతివా?" అనిరి. వేదికపై నున్న మేము నోరు మెదపలేదు. అతడు కూర్చుండెను. ఆ పిమ్మట ఏ సమావేశమునకును రాలేదు.

రెండేండ్లకు నిలువలు తూచి చూచునప్పటికి లోటు బయటపడెను. అది దొంగతనమువలన వచ్చిన లోటు కాదు. సరిచూడని త్రాసును, తడిసిన నూలును, మా అలసత్వమును కలిసి తెచ్చినది. ఆ నేతగాడు చెప్పిననాడే త్రాసును తెప్పించి సభ ఎదుట తూచియుండినచో ఒక పూటలో తీఱిపోయెడిది. తూపనందున, దొంగలు కానివారికి దొంగలను పేరు వచ్చెను; ఇంటింటను అనుమానము పుట్టెను; సభ్యులు ఒక్కొక్కరే సంఘమును వదలి షావుకార్ల మజూరికి పోయిరి.

మేము అతని యింటికి పోయి క్షమాపణ వేడితిమి. అతడు మంచినీళ్లిచ్చి, "ఆనాడు మీరు నవ్వలేదు గదా" అని ఊఱడించెను. ఆ మాట మాకు నేటికిని మఱపునకు రాదు. నవ్వకుండుట మాత్రమే నాయకుని పనియైనచో ఈ వేదికపై బొమ్మలను నిలుపవచ్చును. లేచి "త్రాసు తెండు" అనవలసిన వారము మేమే. అనలేదు.

సభ్యులకును ఇందొక పాఠము కలదు. ఆనాడు సభలో అట్టి కొఱతనే అనుభవించినవారు పలువురుండిరి. ఒక్కడు లేచినప్పుడు రెండవవాడు లేచి "నాకును అట్లే యగుచున్నది" అని యుండినచో ఎవరును నవ్వియుండెడివారు కారు. ఒంటరివాని మాటను పెద్దలు త్రోసిపుచ్చుట తప్పే. నిజమని యెఱిగియు ప్రక్కవారు అతనిని ఒంటరిని చేయుట అంతకు తక్కువ తప్పు కాదు.

పేరు వ్రాయుట

సంఘమును నడుపుటకు ముందు సంఘమున ఎవరెవరు ఉన్నారో నాయకుడు తెలిసికొనవలెను. ఇది స్వల్పవిషయముగ తోచవచ్చును. దీనివలన ఎంతటి పని జరుగునో మన సీమ చరిత్రమే చెప్పుచున్నది. గద్వాల సీమవారగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను ఆక్షేపణ వెలువడినప్పుడు వారు కోపముతో నాలుగు వ్యాసములు వ్రాసి ఊరకుండలేదు. ఊరూరినుండి కవుల వివరములను, కవిత్వమును తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆక్షేపణకు అంతకు మించిన సమాధానము మఱేమి కావలెను? 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు వారు అధ్యక్షులైరి. 1952 ఎన్నికలలో వనపర్తివారు వారిని హైదరాబాదు శాసనసభకు పంపిరి. హైదరాబాదులోని రెడ్డి హాస్టలు కార్యభారమును వహించినవారే యైనను, వారి పత్రికయు సంచికయు ఒక్క కులమునకు పరిమితములు కాలేదు. కులసంఘముల వేదిక లెక్కెడి మేము ఈ సంగతిని ప్రత్యేకముగ గమనింపవలసి యున్నది.

ఇక మన సభ్యుల పట్టికలను చూతము. 2009-10 నాటి మూడవ అఖిలభారత చేనేత గణనలో నేతవారును అనుబంధపు పనివారును కలిసి 43 లక్షలకు పైగా ఉండిరి. 2019-20 నాటి నాల్గవ గణనలో వారు 35 లక్షల చిల్లర. పదేండ్లలో తగ్గినవారి సంఖ్య మనలను కలవరపెట్టవలసినదే. కాని ఆ లెక్కలో మఱియొక సంగతి కలదు: ఆ 35 లక్షలలో 25 లక్షలకు మించినవారు స్త్రీలు. ఈశాన్య రాష్ట్రములలో స్త్రీలే ముఖ్యముగ నేయుదురు గాన సంఖ్య అంత పెరిగినమాట నిజమే. ఐనను మన యిండ్లలో మాత్రము రాట్నముముందు కూర్చుండి కండెలు చుట్టునది ఎవరు? పోగులు అతుకునది ఎవరు? రెండవ ప్రక్క కూర్చుండి అంచు నాడెను నడుపునది అనేక గృహములలో ఎవరు? ఆమె పేరు మన పట్టికలో లేదు. మగవాని పేరు వ్రాసి, తక్కినవారిని "కుటుంబము" అను ఒక్క మాటలో ముగించుచున్నాము. తెగిన పోగును మొదట చూచు కన్ను ఆమెది. ఆమెకు సభలో చోటు లేనిచో ఆ పోగును గూర్చి మనకు చెప్పువారెవరు?

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచిన సంగతి మీరు మఱవలేదు. గుంటమగ్గము నేలలో నుండును గాన వరదనీరు మొదట దానినే పట్టును. ఇండ్లు కూలెను, మగ్గములు పాడయ్యెను, నూలును పట్టును బురదపాలయ్యెను. అట్టి ఆపదలో సహాయమునకు వచ్చువారు ఎవరైనను మొదట అడుగునది జాబితా. జాబితాలో పేరు లేనివానికి, మగ్గమే లేదని వారు తలంతురు. కావున పట్టిక వ్రాయుట వరదనాడు చేయు పని కాదు. నీరు లేని వేసవిలో ఇల్లిల్లు తిరిగి చేయవలసిన పని. వరదనాడు నాయకుడు చేయవలసినది వేఱొకటి: తన బంధువుల పేళ్లు కడపట వ్రాయుట.

లెక్క చెప్పుట

మన వృత్తికి వెలుపల, మన పొరుగుననే మఱియొక విధమగు జట్టు కలదు. ఈ మూడు సీమలును 2016 అక్టోబరు 11వ తేదీన వేఱువేఱు జిల్లాలు కాకమునుపు మహబూబ్‌నగరు జిల్లాలోనివే. నాగర్‌కర్నూలు, అచ్చంపేట, కొల్లాపురము వైపులనుండియు, వనపర్తి, గద్వాల పల్లెలనుండియు కూలిజనులు తరతరములుగ మట్టిపనికిని రాతిపనికిని దూరదేశములకు పోయిరి. ఆనకట్టలు, కాలువలు, రహదారులు వారి చేతులమీదుగ లేచినవి. పాలమూరు లేబరను మాట అట్లు ప్రసిద్ధమైనది. అందు మనవారును లేకపోలేదు. మగ్గము అన్నము పెట్టనినాడు పార పట్టినవారు మన యిండ్లలోను కలరు.

ఆ జట్టునకు నాయకుడు గుంపుమేస్త్రీ. అతడు తఱచుగ ఆ యూరివాడే, ఒక్కొక్కప్పుడు చుట్టమే. ఇంటింటికి పోయి అడ్వాన్సు ఇచ్చి జట్టును కూర్చును. గుత్తేదారుతో మాటలాడును. జబ్బుపడినవానిని ఊరు చేర్చును. ఇన్ని మేళ్లు చేయువాడే లెక్కపుస్తకమును తన సంచిలో ఉంచుకొనును. ఎన్ని దినములు పనిచేసితినో, తిండికి ఎంత తీసికొంటినో, బాకీ ఎంత మిగిలెనో కూలివాడు మేస్త్రీ నోట వినవలసినదే గాని కంట చూచుట లేదు. అడ్వాన్సు అప్పుగను, అప్పు వెట్టిగను మాఱిన కథలు ఈ సీమలో కొల్లలు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. 1979లో వచ్చిన రాష్ట్రాంతర వలసకార్మికుల చట్టము, ప్రతి కార్మికునకును ఫోటో అతికించిన పాసుపుస్తకము ఈయవలెననియు, కూలి రేటును, మినహాయింపులను అందు వ్రాయవలెననియు, అది కార్మికుని భాషలోను ఉండవలెననియు విధించెను. పార్లమెంటు చేసిన చట్టమున ఇంత చిన్న పుస్తకమునకు చోటెందులకు? లెక్క ఒక్కరి సంచిలోనే ఉన్నంతకాలము ఎంతటి మంచివాని పెద్దరికమైనను దొరతనముగ మాఱునని అనుభవము నేర్పినందువలననే.

కులసంఘములకు ఈ ప్రమాదము మఱింత దగ్గఱ. పరాయివానిని లెక్క అడుగుటకు మనకు సంకోచము లేదు. మనవాడే యైనచో "మనవాడే గదా" అందుము. బావను అడుగుటెట్లు, మామను అడుగుటెట్లు అని వెనుదీయుదుము. అడిగినవానిని కులద్రోహి అనుటకును జంకము. అన్నదమ్ములు ధాన్యము పంచుకొనునప్పుడు కుంచముతో కొలుచుకొందురు; అందువలన వారి పొత్తు చెడదు, నిలుచును. లెక్క అడుగుట అవమానము కాదు. అడుగకముందే చెప్పుట నాయకునకు గౌరవము.

సభ్యుల వంతు

ఇంతవఱకు నాయకులను గూర్చి చెప్పితిమి గాన వెనుక వరుసలవారు మిక్కిలి సంతోషముతో వినుచున్నారు. ఇక వారి వంతు వచ్చినది.

ఇంగ్లండులోని రోచ్‌డేలు పట్టణమున 28 మంది పనివారు, వారిలో నేతవారు పలువురు, కొద్దికొద్దిగ సొమ్ము కూడబెట్టి 1844 డిసెంబరు 21వ తేదీన చిన్న అంగడి నొకదానిని తెఱచిరి. అమ్మినవి పిండి, వెన్న, చక్కెర వంటి నిత్యావసర వస్తువులే. కల్తీ లేని సరకు, సరియైన తూకము, వాటాలు ఎన్ని యున్నను మనిషికి ఒక్కటే వోటు, ఇవి వారి నియమములు. ప్రపంచపు సహకారోద్యమమునకు అదియే ఒరవడి యయ్యెను. ఆ అంగడి నిలుచుటకు నాయకుల ప్రజ్ఞ ఎంత కారణమో, సభ్యులు తమ అంగడిలోనే కొనుట అంత కారణము. పొరుగు అంగడిలో ఒక కాసు తక్కువకు దొరకినదని వారందఱును అటు పోయియుండినచో రోచ్‌డేలు పేరు మనకు తెలిసియుండదు.

మన సంగతి యేమి? రెండవ ప్రపంచయుద్ధ కాలమున నూలు కఱవై, దాని పంపిణీపై కట్టుదిట్టములు వచ్చినప్పుడు నేతవారు సహకార సంఘములలో విరివిగ చేరిరి. నూలుకొఱకు చేరినవారు నూలు సులభమైన పిమ్మట సంఘమును మఱచుట పలుచోట్ల జరిగెను. అవసరమున్ననాడు సభ్యుడు, అవసరము తీఱిననాడు అతిథి. ఈ గుణము మనలను ఇంకను వదలలేదు. మంచిచీరను షావుకారుకును, లోపమున్న చీరను సంఘమునకును ఇచ్చువాడు కలడు. సంఘమువద్ద నూలు తీసికొని, ఆ నూలుతోనే బయటివానికి నేసియిచ్చువాడు కలడు. సమావేశమున మౌనము వహించి, మఱునాడు చాయ్ హోటలులో కార్యవర్గమునంతయు ఉతికి ఆఱవేయువాడు కలడు. హోటలులో చెప్పిన తెగినపోగు ఎవరికిని అతుకుటకు అందదు.

మఱియొక తప్పును చెప్పుట మాకు కష్టముగ నున్నది. ఐనను చెప్పక తప్పదు. 1985 నాటి కేంద్రచట్టము కొన్నిరకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించినది. మరమగ్గముల వస్త్రమును చేనేతయని అమ్మువారిని మనము తిట్టుచున్నాము. కాని ఆ వస్త్రముపై గద్వాల పేరు వేసి అంగడికి ఎక్కించుటలో మనవాని చేయి ఎన్నడును లేదని గుండెమీద చేయి వేసికొని చెప్పగలమా? బయటివాడు మన పేరు దొంగిలించిన న్యాయస్థానము కలదు. మనవాడే అమ్ముకొన్నచో ప్రక్క మగ్గమువాడు తప్ప దానిని ఎఱిగినవాడు ఉండడు. అతడు చెప్పవలెను. చెప్పినవానికి సంఘము అండగా నిలువవలెను.

పదవియు, దానమును

నాయకునకు పదవిని స్వీకరించుట ఎట్లో విడుచుటయు అట్లే విధి. మన కులమున జన్మించి చేనేత సహకారమునకై పాటుపడిన కొండా లక్ష్మణ్ బాపూజీగారు (1915–2012) 1969లో తెలంగాణ ఉద్యమ సమయమున మంత్రిపదవికి రాజీనామా చేసిరి. వారి చిత్రపటమునకు మనము ఏటేట పూలమాల వేయుచున్నాము. సంఘ కార్యదర్శి పదవిని మఱియొకరికి ఈయుమని అడిగినప్పుడు మాత్రము అలుగుచున్నాము. మాలవేయు చేతితోనే కుర్చీని గట్టిగ పట్టుకొనుట తగునా యని అందఱమును, మాతో సహా, ఆలోచింపవలెను.

పోషక మహాశయులకు ఒక్క మనవి. మీ ఔదార్యముననే ఈ పందిరియు, ఈ భోజనములును, ఈ సంచికయు సమకూడినవి. మీ మేలు మేము మఱవము. కాని దానము పదవికి వెల కారాదు. వెయ్యి రూపాయలిచ్చినవాని మాటయు, వంద రూపాయల వాటాగల నేతగాని మాటయు సమావేశమున సమానముగ తూగవలెను. మీరిచ్చిన ధనమున ఏ బాలిక చదివినది, ఏ మగ్గము మఱల లేచినది అని మీరు మమ్ము అడుగవలెను. మేడమీద మీ పేరు చెక్కించితిరా యని అడుగుటకంటె అట్లడుగుటయే సంఘమునకు పెద్ద పోషణ.

మనవులు

ఉపన్యాసము విని చప్పట్లు కొట్టి వెడలిపోవుటవలన ప్రయోజనము లేదు గాన, ఈ మహాసభ ముందు నాలుగు మనవులు ఉంచుచున్నాము.

మొదటిది: మఱుసటి మహాసభకు ముందు ఈ మూడు జిల్లాలయందును ఇల్లిల్లు తిరిగి, నేయువారి పేళ్లతోపాటు కండెలు చుట్టువారి, పోగులతుకువారి, ప్రక్కన కూర్చుండువారి పేళ్లును విడివిడిగ వ్రాయవలెను, స్త్రీలను సభ్యులుగ చేర్చుకొనవలెను.

రెండవది: జమాఖర్చులను సభలో తెలుగున, అందఱికిని వినబడునట్లు చదువవలెను, చదువురాని సభ్యునకు అర్థమగువఱకు చెప్పవలెను, సంచికలో ముద్రింపవలెను.

మూడవది: ప్రతి సమావేశమునను మొదటి గంట సభ్యులది కావలెను. అధ్యక్షోపన్యాసమును సన్మానములును ఆ పిమ్మటనే. ఆ గంటలో అడిగిన ప్రతి ప్రశ్నను పుస్తకమున వ్రాసి, మఱుసటి సమావేశమున సమాధానము చెప్పవలెను. అడిగినవానిని ఎవరైనను ఎగతాళి చేసినచో అధ్యక్షుడు ఆ ఎగతాళి చేసినవానినే కూర్చుండబెట్టవలెను.

నాల్గవది: ఏ పదవియందును ఒకరు వరుసగ రెండు పర్యాయములకు మించి ఉండరాదు. దిగినవారు ఇల్లు చేరక, క్రొత్తవారి ప్రక్కన కూర్చుండి రెండవ నాడెను నడుపవలెను.

ఈ నాల్గవదానిని మేము మాకును వర్తింపజేసికొనుచున్నాము. ఇకపై మేము ఏ పదవికిని నిలువము. వెనుక వరుసలో కూర్చుందుము. మేము ఎవరి మాట వినక ఊరకుంటిమో ఆ నేతగాని నీ సభకు రమ్మని ఇంటికి పోయి పిలిచితిమి. వత్తుననెను. వచ్చి యున్నచో మా మాటకంటె అతని మాటకు ముందుగ చోటిండని అధ్యక్షులవారిని వేడుకొనుచున్నాము.

 భావనా ఋషి మన మగ్గములను చల్లగ చూచుగాక.

స్వస్తి.